తాళము ఎవరు వేయవలెను? ఫైలు వ్యవస్థలు – వాటి వివరణ పత్రములు

ఉన్నత పాఠశాల గ్రంథాలయములో మూడు వస్తువులు నిత్యము కనబడుచుండును. ఒకటి, బీరువాలలోని పుస్తకములు. రెండవది, ప్రతి పుస్తకమునకు ఒక వరుస సంఖ్య ఇచ్చి, అది ఎప్పుడు వచ్చినదో, ఏ బీరువాలో ఏ అరలో ఉన్నదో వ్రాసియుంచు రిజిష్టరు. మూడవది, పుస్తకముల పేర్లను అక్షరక్రమములో కూర్చిన పట్టిక. విద్యార్థికి పుస్తకము పేరు మాత్రమే తెలియును. పట్టికలో పేరు చూచి సంఖ్యను తెలిసికొనును. సంఖ్యనుబట్టి రిజిష్టరులో స్థలమును చూచును. స్థలము తెలిసిన పిదప పుస్తకము చేతికి వచ్చును.

కంప్యూటరు డిస్కుపై సమాచారమును భద్రపరచు ఏర్పాటునకు ఫైలు వ్యవస్థ అని పేరు. యూనిక్స్ వంశమునకు చెందిన ఆపరేటింగ్ సిస్టములలో ఈ ఏర్పాటు గ్రంథాలయమును చాలవరకు పోలియుండును. డైరెక్టరీ అనునది పేర్ల పట్టిక. ప్రతి పేరునకు ఎదుట ఒక సంఖ్య ఉండును. ఆ సంఖ్యగల రిజిష్టరు పద్దును ఇనోడు అందురు. ఫైలు ఎంత పెద్దది, దాని యజమాని ఎవరు, చివరిసారి ఎప్పుడు మార్చబడినది, డిస్కుపై ఏయే గడులలో ఉన్నది అను విషయములన్నియు ఇనోడులో ఉండును. ఫైలు పేరు మాత్రము అందులో ఉండదు. అది పట్టికకు చెందినది. ఒకే ఫైలునకు రెండు పేర్లు పెట్టుటకు వీలగుట ఇందువలననే.

ఇంతవరకు కష్టమేమియు లేదు. రిజిష్టరును ఒకేసారి ఇద్దరు దిద్దబోయినప్పుడు చిక్కు మొదలగును. ఇద్దరును ఒకే ఖాళీ అరను చూచి, చెరియొక పుస్తకమును అక్కడ పెట్టినట్లు వ్రాసికొన్నచో, రెండు పద్దులలో ఒకటి అబద్ధమగును. కావున ఒకరు దిద్దుచుండగా మరియొకరు లోనికి రాకుండ గదికి తాళము ఉండవలెను. ఆ తాళమును ఎవరు వేయవలెను? బంట్రోతు వేసి గుమాస్తాను పిలువవలెనా, లేక గుమాస్తా వచ్చి తానే వేసికొనవలెనా? ఎవరు వేసినను పని జరుగును. కాని ఎవరో ఒకరే వేయవలెను, ఆ సంగతి ఇద్దరికిని ఒకే విధముగా తెలిసియుండవలెను. అందుకే గోడకు ఒక కాగితము అంటింతురు.

ఇప్పుడు ప్రధానోపాధ్యాయుడు పద్ధతిని మార్చి, ఇకమీదట గుమాస్తాయే తాళము వేసికొనవలెనని బంట్రోతుతో చెప్పెననుకొందము. గోడమీది కాగితమును ఎవరును మార్చలేదు. కొత్తగా వచ్చిన గుమాస్తా దానిని చదివి, తాళము బంట్రోతు వేసియుండునని నమ్మి పని ప్రారంభించును. గది తెరచియే ఉన్నది. ఆనాడు మరియెవరును రాకపోయినచో నష్టము లేదు. మరునాడును రాకపోవచ్చును. ఏ నాలుగు నెలలకో ఇద్దరు ఒక్క క్షణమున తటస్థపడుదురు, రిజిష్టరు చెడును. చెడిన సంగతి ఆ పుస్తకము కావలసిన దినమునగాని బయటపడదు. దీనికి తలక్రిందులైన సందర్భము కూడ కలదు. బంట్రోతు తాళము వేసియుండగా, తానే వేయవలెనని కాగితములో చదివిన గుమాస్తా, ముందున్న తాళము వీడువరకు వేచియుండును. అది తన కొరకే వేసిన తాళమని ఎరుగడు. అట్టి నిరీక్షణకు అంతముండదు. కంప్యూటరు అక్కడికక్కడ బిగుసుకొనిపోవును.

ఫైలు వ్యవస్థల వివరణ పత్రములు ఇట్టి గోడకాగితములే. అయితే ఇవి ఎవరి కొరకు వ్రాయబడునో తెలియవలెనన్న లోపలి నిర్మాణమును కొంత చూడవలెను.

లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లండు దేశమున లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును వ్రాయ నారంభించెను. మొదట అందులో మినిక్స్ అను బోధనా సిస్టమునకు చెందిన ఫైలు వ్యవస్థయే వాడబడినది. దానిలో 64 మెగాబైట్లకు మించిన డిస్కు భాగమునకు గాని, 14 అక్షరములకు మించిన ఫైలు పేరునకు గాని తావు లేదు. 1992లో రెమీ కార్డ్ అను ఫ్రెంచి ప్రోగ్రామరు ఎక్స్‌ట్ అను కొత్త వ్యవస్థను రచించెను. రెండు వ్యవస్థలు పక్కపక్కన ఉండవలసివచ్చుటచే, వాటికి పైన ఒక ఉమ్మడి అంతస్తు ఏర్పడినది. దానిని వీఎఫ్ఎస్, అనగా కల్పిత ఫైలు వ్యవస్థ, అందురు. మనము వాడు ప్రోగ్రాము ఫైలు తెరువుమని అడిగినప్పుడు, ఆ కోరిక ముందు వీఎఫ్ఎస్‌కు చేరును. అది కొంత పని తాను చేసి, మిగిలినదానిని క్రింది వ్యవస్థకు అప్పగించును. క్రింద ఉన్నది ఎక్స్‌ట్4 కావచ్చును, ఎక్స్ఎఫ్ఎస్ కావచ్చును, నెట్‌వర్కు ఆవలి డిస్కు కావచ్చును. నేడు ఇట్టి వ్యవస్థలు లినక్స్‌లో పదుల సంఖ్యలో కలవు.

వీఎఫ్ఎస్ బంట్రోతు వంటిది. క్రింది వ్యవస్థలు గుమాస్తాల వంటివి. పేరు వెదకుట, ఫైలు సృష్టించుట, తొలగించుట, పేరు మార్చుట, డిస్కుపై వ్రాయుట మొదలగు ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఫంక్షను ఉండును. ప్రతి ఫంక్షనును పిలుచునపుడు ఏ తాళములు ముందే వేసియుండును, ఏవి వేసియుండవు, పిలువబడినవాడు మధ్యలో నిద్రించి వేచియుండవచ్చునా, పొరపాటు జరిగినచో ఎవరు సరిదిద్దవలెను – ఇవన్నియు ఒప్పందములోని షరతులు. వీటిలో చాల షరతులు కోడులో ఎక్కడను కంటికి కనబడవు. ఒక ఫంక్షను ఎన్ని విలువలను స్వీకరించునో, అవి ఎట్టివో కంపైలరు పరీక్షించును. తాళము ముందే వేయబడినదా లేదా అని అది అడుగదు.

లినక్స్ కోడుతోబాటు ఒకే భాండారములో వివరణ పత్రములకును ఒక ప్రత్యేక విభాగము కలదు. అందులో వీఎఫ్ఎస్‌ను గురించిన పత్రములలో ముఖ్యమైనవి మూడు. మొదటిది రిచర్డ్ గూచ్ ప్రారంభించిన సాధారణ వివరణ. రెండవది తాళముల పట్టిక: ఒక వరుసలో ఫంక్షను పేరు, ఎదుట దానిని పిలుచునపుడు వేసియుండు తాళములు. మూడవది 2.5 వరుసనుండి, అనగా 2001 తరువాత, ఒప్పందములో వచ్చిన మార్పుల చిట్టా. ఈ చిట్టాలో ప్రతి మార్పునకు పైన అది తప్పనిసరియా, చేయదగినదా, తెలిసికొనుటకు మాత్రమేనా అని గుర్తు ఉండును.

తాళముల పట్టిక ఆరంభమున ఉన్న మాట గమనింపదగినది. ఇందులోనిది ప్రస్తుతపు కోడుతో సరిపోవుచున్నదని నమ్మబడుచున్నది అని మాత్రమే అక్కడ చెప్పబడినది. సరిపోవుచున్నదని హామీ ఇయ్యబడలేదు. నియమములను మార్చువారు ఈ పత్రమును కూడ మార్చవలెనని, ఆ మార్పునకు లోబడు వ్యవస్థలన్నిటిని తామే సవరింపవలెనని, ఆ భారమును ఇతరులపై వదలరాదని ప్రార్థించుట కూడ అక్కడనే కలదు. కనీసము సందేహాస్పదమైన తావుల జాబితానైనను చివర చేర్చుడని కోరుచు ఆ విన్నపము సాగును. అబద్ధపు ధీమాకంటె ఇట్టి నిజాయితీగల సందేహము చదువరికి ఎక్కువ మేలు చేయును.

పత్రము వెనుకబడుటకు కారణము ప్రోగ్రామరుల సోమరితనమొక్కటే అనుకొనుట తప్పు. లినక్స్‌లో రెండు విధములైన ఒప్పందములు కలవు. మనము వాడు ప్రోగ్రాములకును కెర్నెలునకును మధ్యనున్న ఒప్పందము స్థిరమైనది. నిన్న నడచిన ప్రోగ్రాము నేడును నడువవలెనని పట్టుదల. కెర్నెలు లోపలి భాగముల మధ్యనున్న ఒప్పందమునకు అట్టి స్థిరత్వము ఉద్దేశపూర్వకముగానే ఇయ్యబడలేదు. మెరుగైన పద్ధతి దొరకినచో పాతదానిని పారవేయుదురు. వీఎఫ్ఎస్‌కును ఫైలు వ్యవస్థలకును మధ్యనున్నది ఈ రెండవ జాతిది. కాబట్టి గోడకాగితము ఎప్పుడును మారుచుండు వస్తువును గురించి వ్రాసినది. పైగా మార్పును చేసినవానికి ఆ పత్రముతో పని లేదు. సంగతి అతని తలలోనే ఉన్నది. పత్రము కావలసినది రెండు సంవత్సరముల తరువాత వచ్చువానికి.

మూడు మార్పులను పరిశీలించినచో విషయము స్పష్టమగును.

1996లో లినక్స్ ఒకటికంటె ఎక్కువ ప్రాసెసర్లపై నడుచుట నేర్చినప్పుడు, కెర్నెలు మొత్తమునకు ఒకే పెద్ద తాళము పెట్టిరి. అది సులభమైన ఉపాయము. కాని ఎన్ని ప్రాసెసర్లున్నను ఆ తాళము కొరకు ఒకరి వెనుక ఒకరు నిలువవలసినదే. 2.5 వరుసలో వీఎఫ్ఎస్ ఈ తాళమును వేయకయే పలు ఫంక్షనులను పిలువ నారంభించెను. మార్పుల చిట్టాలో దీనికి తప్పనిసరి అను గుర్తు కలదు. పాత రక్షణ కావలసినవారు లోనికి ప్రవేశించునపుడు తామే తాళము వేసి, వెలుపలికి వచ్చునపుడు తీయవలెనని సలహా కూడ ఉన్నది. ఫంక్షను ఆకారము మారలేదు. కంపైలరు ఒక్క హెచ్చరికయు చేయదు. చిట్టాను చదువనివానికి తెలియు మార్గమే లేదు. ఆ పెద్ద తాళము 2011లో 2.6.39 కెర్నెలుతో పూర్తిగా అంతరించినది.

రెండవది 2011లోనే, 3.1 కెర్నెలులో జరిగినది. ఇది ఎఫ్‌సింక్ అను ఫంక్షనునకు సంబంధించినది. మనము వ్రాసిన సమాచారము వెంటనే డిస్కునకు చేరదు. మొదట మెమరీలో నిలిచి, తీరిక దొరకినప్పుడు డిస్కునకు పోవును. ఇది నిజముగా డిస్కునకు చేరువరకు నన్ను వదలవద్దు అని ప్రోగ్రాము కోరుటయే ఎఫ్‌సింక్. అంతకుముందు వీఎఫ్ఎస్ ఫైలులోని సమాచారమును డిస్కునకు పంపి, ఇనోడు తాళము వేసి, ఆ తరువాత క్రింది వ్యవస్థను పిలిచెడిది. మార్పు తరువాత ఆ రెండు పనులును క్రింది వ్యవస్థ పాలబడినవి. ఇక్కడ ఫంక్షను స్వీకరించు విలువలు కూడ రెండు పెరిగినవి. కాబట్టి పాత కోడును చూచి కంపైలరు మొరపెట్టును. కాని ఆ మొరను అణచుటకు రెండు కొత్త విలువలను పేరుకు చేర్చినచో చాలును! కొత్తగా తన మీద పడిన రెండు బాధ్యతలను చేయకయే, శుభ్రముగా కంపైలు అగు ఫైలు వ్యవస్థను తయారు చేయవచ్చును. తలుపు తట్టుట కంపైలరు చేయగలదు. సంగతి చెప్పుట పత్రము వలననే కావలెను.

మూడవది 2016లో 4.7 కెర్నెలుతో వచ్చినది. అంతవరకు ఒక డైరెక్టరీలో ఒకసారి ఒక్కరే పేరు వెదకుటకు వీలుండెను. అప్పటినుండి ఒకే డైరెక్టరీలో వేరువేరు పేర్లను పలువురు ఒకేసారి వెదకవచ్చును. ఒకే పేరును ఇద్దరు ఒకేసారి వెదకుట మాత్రము జరుగదని వీఎఫ్ఎస్ చూచుకొనును. ఎప్పుడును నేనొక్కడనే లోపల ఉందును అను నమ్మకముతో ఏదైన ఫైలు వ్యవస్థ డైరెక్టరీకి ఒకే చిత్తుకాగితమును పెట్టుకొనియుండినచో, ఆ కాగితముపై ఇప్పుడు ఇద్దరు వ్రాయుదురు. ఈ మార్పు వలన వేగము పెరిగినది. పాత వాక్యము మాత్రము ఆనాటి నుండి అబద్ధమైనది.

పత్రము అబద్ధము చెప్పుట ఒక కీడు. అసలేమియు చెప్పకుండుట ఇంకొక కీడు, బహుశః అంతకంటె పెద్దది. అబద్ధమును ఏనాటికైనను పట్టుకొనవచ్చును. మౌనమును ఎవరికి తోచినట్లు వారు పూరించుకొందురు.

2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసును రచించువారికి ఇట్టి అనుభవము కలిగినది. డేటాబేసు ప్రతి మార్పును ముందుగా ఒక దినచర్య పుస్తకములో వ్రాసికొనును. తరువాత అసలు ఫైళ్లలో ఎక్కించి, ఎఫ్‌సింక్ చేసి, అది విజయవంతమైనదని తెలిసిన మీదట దినచర్యలోని పాత భాగమును వదలివేయును. ఎఫ్‌సింక్ విఫలమైనచో మరల ప్రయత్నించును. రెండవసారి సఫలమైనచో అంతయు డిస్కునకు చేరినదని భావించును. ఈ భావన చూచుటకు ఎంతో సహజముగా ఉన్నది. కాని లినక్స్‌లో జరుగునది వేరు. డిస్కునకు వ్రాయబోయి విఫలమైనప్పుడు, మెమరీలోని ఆ పుటకు ఇంకను వ్రాయవలసినది అను గుర్తును కెర్నెలు తీసివేయవచ్చును. మొదటి ఎఫ్‌సింక్ ఆ వైఫల్యమును తెలుపును. రెండవ ఎఫ్‌సింక్‌కు వ్రాయవలసిన పుటలేవియు కనబడవు. కనుక అది సఫలమైనదని చెప్పును. అది చెప్పినది ఒక విధముగా నిజమే. వ్రాయవలసినది అను గుర్తుగల పుట ఒక్కటియు మిగులలేదు. సమాచారము మాత్రము డిస్కుపై లేదు, దినచర్యలోని ప్రతియు వదలివేయబడినది.

ఇందులో తప్పు ఎవరిది? కెర్నెలు రచయితలకు తమ కారణములు కలవు. ఊడదీసిన డిస్కునకు చేరవలసిన పుటలను ఎంతకాలము మెమరీలో దాచియుంచవలెను? డేటాబేసు రచయితలకును తమ కారణములు కలవు. విఫలమైన పిదప పుటల గతి ఏమగునో వారు చదువగల పత్రములలో స్పష్టముగా లేదు. అంతకుముందే 2017లో 4.13 కెర్నెలులో, వైఫల్యమును ఫైలు తెరచియుంచిన ప్రతివారికిని తెలియజేయు మెరుగైన ఏర్పాటు వచ్చియుండెను; దాని వివరణయు వీఎఫ్ఎస్ పత్రములో చేర్చబడెను. అయినను ఆ పత్రము ఫైలు వ్యవస్థలను వ్రాయువారి కొరకు ఉద్దేశించినది. డేటాబేసు వ్రాయువారు తెరచు పుస్తకము అది కాదు. చివరకు 2019 ఫిబ్రవరిలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తన పద్ధతిని మార్చుకొనెను: ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనను పని నిలిపివేసి, దినచర్య పుస్తకమునుండి అంతయు తిరిగి నిర్మించుకొనును. 2020లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎక్స్‌ట్4, ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ అను మూడు వ్యవస్థలను పరీక్షించిరి. వైఫల్యము తరువాత వాటి ప్రవర్తన ఒకే విధముగా లేదని తేలినది. వారు పరీక్షించిన ఐదు ప్రసిద్ధ ప్రోగ్రాములలో దేని ఉపాయమును అన్ని సందర్భములకును చాలలేదు.

మరి పత్రమును కోడుతో కలిపి నడిపించుటకు ఏమి చేయుచున్నారు? అన్నిటికంటె సరళమైన నియమము: కోడును మార్చు ప్యాచ్‌తోనే పత్రమును మార్చు పంక్తులును రావలెను. ప్యాచ్ అనగా ఏ పంక్తి తీసివేయవలెను, ఏది చేర్చవలెను అను చీటి. రెండును ఒకే చీటిలో ఉన్నచో, పరిశీలకుడు రెంటిని పక్కపక్కన చూచును. తరువాత వ్రాయుదము అనుకొన్నది సాధారణముగా వ్రాయబడదు; ఈ సంగతి మార్కుల రిజిష్టరును నెలాఖరునకు వాయిదా వేసిన ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

రెండవ ఉపాయము వివరణను కోడునకు దగ్గరగా తెచ్చుట. ఫంక్షనునకు సరిగా పైన, ఒక నిర్ణీత రూపములో దాని వివరణను వ్రాయుదురు. కెర్నెల్‌డాక్ అను సాధనము ఆ వివరణలను ఏరి పత్రముగా కూర్చును. 2016లో ఈ పత్రముల తయారీకి స్ఫింక్స్ అను కొత్త సాధనము అమర్చబడినది. ఫంక్షనులో ఉన్న విలువ వివరణలో లేకున్నను, వివరణలో ఉన్నది ఫంక్షనులో లేకున్నను సాధనము హెచ్చరించును. అయితే ఇది పేర్లను సరిపోల్చునే గాని అర్థమును సరిపోల్చదు. తాళము వేసియుండును అను వాక్యము నిన్న నిజమై నేడు అబద్ధమైనను, ఆ సాధనమునకు రెండును ఒక్కటే. వ్యాఖ్య కోడు పక్కనే ఉన్నచో దానంతట అదే సరిగా ఉండునను నమ్మకము కొందరిలో కలదు. కంటికి రెండంగుళముల దూరములోని పాత కేలెండరును నెలలతరబడి మార్చనివారు ఎందరు లేరు?

మూడవది వీటికంటె బలమైనది. నియమమును మాటలలో కాక కోడులోనే వ్రాయుట. 2006లో 2.6.18 కెర్నెలులో లాక్‌డెప్ అను పరీక్షకుడు ప్రవేశపెట్టబడెను. అది ఏ తాళము ఏ క్రమములో వేయబడుచున్నదో కనిపెట్టుచుండును. ఫంక్షను మొదటి పంక్తిలో ఈ తాళము వేసియుండవలెను అని ఒక ధ్రువీకరణ వ్రాసినచో, లాక్‌డెప్‌ను అమర్చిన కెర్నెలు పరీక్షలో నడచునపుడు, తాళము లేకుండ అక్కడకు వచ్చినవానిని వెంటనే పట్టుకొనును. ఇది తనను తాను కాపాడుకొను గోడకాగితము. నియమము మారిన దినముననే అది అరచును. కాని ఎందుకు ఆ తాళము, ఎఫ్‌సింక్ విఫలమైన పిదప పుటల గతి ఏమి – ఇట్టివి ఒక పంక్తి ధ్రువీకరణలో ఇమడవు. వాటికి మనుష్యుడు వ్రాసిన వాక్యములే కావలెను.

డిస్కుపై గడుల అమరికను తెలుపు పత్రముల సంగతి కొంత భిన్నము. లోపలి ఒప్పందమువలె ఆ అమరిక మారదు, మారరాదు. పదేండ్ల క్రింద వ్రాసిన డిస్కును నేటి కెర్నెలు చదువవలెను. ఎక్స్‌ట్4 అమరికను గురించిన విపులమైన వివరణ చాలకాలము కోడునకు వెలుపల ఉండి, 2018లో కెర్నెలు పత్రములలోనికి తేబడినది. అప్పటినుండి అమరికకు ఏ కొత్త గుర్తు చేర్చినను రెంటిని ఒకే చీటిలో దిద్దుటకు వీలు కలిగినది. దీనికి విరుద్ధముగా, 2019లో 5.2 కెర్నెలుతో వచ్చిన కొత్త మౌంటు పద్ధతిని చూడుడు. డిస్కును డైరెక్టరీల వృక్షమునకు తగిలించు ఈ పిలుపుల వివరణ వేరొక భాండారములోని మాన్యువల్ పుటలలో రావలసియుండెను. కోడు అందరి కంప్యూటర్లలోనికి చేరిన తరువాత ఎన్నో సంవత్సరములు ఆ పుటలు లేకయే గడచినవి. రెండు భాండారములు, ఇద్దరు నిర్వాహకులు అయినచో ఒకే చీటి అను నియమమునకు తావుండదు.

1971 నవంబరు 3 తేదీగల మొట్టమొదటి యూనిక్స్ మాన్యువల్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీలు ఆదేశముల వివరణ చివర లోపములు అను శీర్షికను ఉంచిరి. ఆ శీర్షిక నేటి మాన్యువల్ పుటలలోను కనబడుచున్నది.

కంప్యూటరు అందుబాటులోనున్న విద్యార్థులు ఈ విషయమును స్వయముగా పరీక్షింపవచ్చును. లినక్స్ కోడు, దాని పత్రములు ఎవరైనను చదువుటకు వీలుగా ఉన్నవి. తాళముల పట్టికలో ఏదైన ఒక వరుసను, ఉదాహరణకు డైరెక్టరీని సృష్టించు ఫంక్షనును, తీసికొని, వీఎఫ్ఎస్ కోడులో దానిని పిలుచు తావును వెదకి, ఆ పిలుపునకు పైనున్న పంక్తులలో పట్టిక చెప్పిన తాళము వేయబడుచున్నదో లేదో చూడవలెను. సీ భాష కొద్దిగా తెలిసినచో ఇది ఒక సాయంకాలపు పని. చాల వరుసలు సరిపోవును. ఏదైన ఒకటి సరిపోనిచో, దానిని దిద్దు చీటి ఒక్క పంక్తిది అయినను నిర్వాహకులు స్వీకరింతురు. కెర్నెలులో పనిచేయు పలువురి మొదటి చీటి ఇట్టి పత్రపు దిద్దుబాటే.